పేరు చెప్పను గానీ

ప్రార్థన అంశం చెప్పడంలో పెద్దక్కను మించినవాళ్ళు ఆ చర్చి స్త్రీల కూటంలో లేరు. మిగతావాళ్ళు నడుం నొప్పి, పిల్లల పరీక్షలు, ఇంటాయన ఉద్యోగం అంటూ మూడు ముక్కల్లో తేల్చేసి కూర్చునేవారు. పెద్దక్క అలా కాదు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, మొదటి మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అవి దొంగ కన్నీళ్ళని ఎవరూ అనలేరు. నిజంగానే వచ్చేవి. నిజంగా రావడమే ఆవిడ కొంప ముంచింది.

పగలు ఆవిడ పని ఆసుపత్రి దుప్పట్ల గదిలో. ఉతికి వచ్చిన దుప్పట్లను విప్పి, కిటికీ వెలుతురుకు పట్టి చూడాలి. చిరుగు లేకపోతే మడతపెట్టి వార్డుల వారీగా అరల్లో సర్దాలి, ఉంటే కుట్టు మిషను పక్కనున్న బుట్టలో పడేయాలి. ఆ మిషను ముందు కూర్చునేది ఆవిడ తమ్ముడి భార్య. ఉద్యోగం ఇప్పించింది పెద్దక్కే. ఆ సంగతి మరదలికి ఏడాదికి రెండుసార్లకు మించి గుర్తుచేసేది కాదు, పాపం. పెద్ద దుప్పట్లు ఒక్కరి వల్ల అయ్యేవి కావు. మరదలు మిషను ఆపి లేచి రావాలి. చెరో రెండు కొసలు పట్టుకుని, ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. అలా ఆ వదినా మరదళ్ళు రోజుకు నూరుసార్లు ముఖాముఖి వచ్చేవారు.

ఒకరోజు అలా కొసలు కలిపినప్పుడే, "వదినా, నాకు చదవడం రాదు," అంది మరదలు.

పెద్దక్క నమ్మలేదు. సండే స్కూల్లో మరదలిని మించిన టీచరు లేదు మరి. సింహాల గుహ కథ చెబుతూ ఆమె గుర్రుమంటే వెనక వరుసలో పిల్లలు కూడా ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు దూరేవారు. ఒడిలో బైబిలు ఎప్పుడూ తెరిచే ఉండేది. శనివారం సాయంత్రం మొగుడు రెండుసార్లు చదివి వినిపిస్తాడని, అది మొత్తం కంఠతా పట్టి ఆదివారం బైబిలు తెరుచుకుని కూర్చుంటుందని ఆరోజు తెలిసింది. ఏ దుప్పటి ఏ వార్డుదో కూడా ఆమె అర మీది పేరు చదివి కాదు, దుప్పటి అంచున తనే కుట్టిన రంగు దారాన్ని బట్టి గుర్తుపట్టేదట. ఇప్పుడు పాస్టరమ్మ కొత్త నియమం పెట్టింది. రెండు నెలల తర్వాత నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం టీచర్లే సంఘం ముందు వాక్యం చదవాలి. పైగా కూతురు రెండో తరగతికి వచ్చింది. ఏదో ఒకరోజు పుస్తకం తెచ్చి, ఇక్కడేముందమ్మా అని అడుగుతుంది.

"నువ్వే నేర్పాలి వదినా. ఎవరికీ చెప్పకు. ఈ ఒక్కటీ నీ కడుపులో పెట్టుకో."

ప్రభువు సాక్షిగా చెప్పనంది పెద్దక్క.

భోజనాల వేళ అరగంట చదువు సాగేది. కుట్టు సుద్దతో బల్ల మీద రాయడం, ఎవరైనా వస్తే చెయ్యి అడ్డంపెట్టి తుడిచేయడం. మూడు వారాలకు మరదలు గుణింతాల్లో పడింది. ఒకరోజు మధ్యాహ్నం ఎదురుగా ఉన్న అర మీది అక్షరాలను కూడబలుక్కుని "పిల్లల వార్డు" అని చదివేసింది. చదివి, కింద కూలబడి ఏడ్చింది. పెద్దక్కకు ఆనందం పట్టలేదు. అంత మంచిపని చేస్తున్నది తనేనని లోకంలో ఒక్క పురుగుకైనా తెలియదే అన్న బాధ కూడా అందులో కొంచెం ఉంది. దాన్ని ఆవిడ గమనించలేదు.

ఆ బుధవారం కూతురికి జ్వరం వచ్చి మరదలు కూటానికి రాలేదు. పాస్టరమ్మ అంశాలు అడగగానే పెద్దక్క ఒకసారి తలుపు వైపు చూసి, లేచి నిలబడింది.

"పేరు చెప్పను గానీ, మన మధ్యనే ఒక సహోదరి ఉంది. అక్షరం ముక్క రాదు."

నడుం నొప్పులప్పుడు కునికే తలలన్నీ లేచాయి. బేకరీ నడిపే ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని ముందుకు వంగింది. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ అంతమంది అలా ఊపిరి బిగబట్టి వింటుంటే ఆగడం ఎవరితరం? పెద్దక్క గొంతు తగ్గించి, పిల్లల ముందు తెరిచి పెట్టుకునే బైబిలు సంగతి చెప్పింది. ఇంకా తగ్గించి, పగలంతా మిషను మీద కుట్టి అలసిపోయే ఆ చేతులు ఇప్పుడు అక్షరాలు దిద్దుతున్నాయని చెప్పింది. దేవుడు ఒక దీనురాలిని అందుకు సాధనంగా వాడుకుంటున్నాడని కూడా చెప్పింది. ఆ దీనురాలెవరో చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. గది గదంతా ముక్కు చీదింది. ఆమేన్ గట్టిగా పలికింది. ఇంటికి నడుస్తుంటే పెద్దక్కకు ఒళ్ళు తేలికగా, మనస్సాక్షి కడిగినట్టు తేటగా అనిపించింది.

ఆదివారం పాట మొదలవగానే బేకరీ ఆవిడ వచ్చి మరదలి పక్కన నిలబడింది. మరదలి చేతిలోని పాటల పుస్తకంలో పేజీ తీసిపెట్టి, ఒక్కో పాదం కింద వేలు జరుపుతూ, పసిపిల్లకు చూపించినట్టు చూపించింది. మరదలు ముందు తెల్లబోయింది. తర్వాత పాస్టరమ్మ ఎంతో ప్రేమగా చెయ్యి పట్టుకుని, వాక్యం చదవడం నీకు వద్దులేమ్మా, నువ్వు కథలు చెప్పు చాలు అంది. అయినా మరదలు క్లాసుకు వెళ్ళింది. అక్కడ ముందు వరుసలో ఒక పిల్లవాడు చెయ్యి ఎత్తి, మీకు చదవడం రాదని మా అమ్మ చెప్పింది, నిజమేనా టీచర్ అని అడిగాడు. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే. వాడి పక్కనే మరదలి కూతురు కూర్చుని ఉంది. తల తిప్పి తల్లి ముఖంలోకి చూసింది.

మరదలు బైబిలు మూసి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసిన పెద్దక్క పక్కకు జరిగి దారి ఇచ్చింది.

సోమవారం దుప్పట్లు ఎప్పటిలాగే వచ్చాయి, కొసలు పట్టక తప్పలేదు. నాలుగు దుప్పట్లయ్యాక పెద్దక్కే ఉండబట్టలేక, ప్రార్థన కోసమే చెప్పానని, పేరు కూడా ఎత్తలేదని గొణిగింది.

"మిషను సంగతి చెప్పారట కదా," అంది మరదలు. పదేళ్ళుగా నువ్వు అన్న మనిషి మీరు అంటోంది. "ప్రార్థన వినేది దేవుడేగా వదినా. ఆయనకి నేను తెలీదా? ఆయనకి ఆనవాళ్ళెందుకు?"

పెద్దక్కకు తల కొట్టేసినట్టయింది. జవాబు కోసం వెతుక్కుంటే, జవాబుకు బదులు ఆ బుధవారం గుర్తొచ్చింది. లేచే ముందు తలుపు వైపు ఎందుకు చూసింది? తను చెప్పబోయేది మరదలు వినకూడదని తెలిసే కదా. మంచిమాటకు గొంతెందుకు తగ్గించింది?

ఆ సాయంత్రం ఓదార్పు కోసం పాస్టరమ్మ ఇంటికి వెళ్ళింది. పాస్టరమ్మ కాఫీ ఇచ్చి, నీ ఉద్దేశం మంచిదే కదా, నీ మనస్సాక్షి నిన్నేమీ అనలేదు కదా, ఇంకెందుకు బెంగ అంది. ఓదార్పు అడిగినంతా దొరికింది. అది మాత్రం గొంతు దిగలేదు. మనస్సాక్షి అనలేదన్నది అబద్ధం. అంది. తలుపు వైపు చూసేలా చేసింది అదే. అది చెప్పింది తను విని, ఆ పైన కన్నీళ్ళు పోసింది.

ఇంటికి వెళ్ళేదాకా ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బేకరీ ఆవిడ మొగుడి తాగుడు. కుదిరి తప్పిపోయిన ఒకమ్మాయి పెళ్ళి. నర్సుగారబ్బాయి జైలు. అన్నీ ఎవరో తన చెవిన వేసి, దాచుకోమని ఇచ్చినవి. అన్నీ పేరు చెప్పను గానీ అంటూ తను పంచిపెట్టినవి. ఇన్నేళ్ళు ఆ గదిలో తనను ప్రార్థనాపరురాలని మెచ్చుకున్నవాళ్ళు ఎదురుగా వస్తుంటే తప్పుకుని పక్క వీధిలోంచి నడిచింది.

మర్నాడు మరదలితో, బుధవారం అందరి ముందు తప్పు ఒప్పుకుంటానంది.

"వద్దు," అంది మరదలు దుప్పటి కొస వదలకుండానే. "అప్పుడూ నా సంగతే చెప్తారు. పోయినసారి రానివాళ్ళు కూడా వింటారు. మీకు బరువు దిగుతుంది, నాకేం దిగుతుంది?"

పెద్దక్క తన కొసలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఒప్పుకోవడం కూడా తనకు ఇష్టమైన పనేనని, మళ్ళీ లేచి నిలబడడం, మళ్ళీ అందరూ చూడడం అందులో ఉన్నాయని అప్పుడు తోచి, ఇంకా కుంగిపోయింది.

బుధవారం వెనక బెంచీలో కూర్చుంది. అంశాలు అడిగితే తల అడ్డంగా ఊపింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. పాస్టరమ్మ ప్రార్థన నడుము నొప్పుల మీదుగా, పరీక్షల మీదుగా వచ్చి, అలిగి వెళ్ళిపోయిన ఒక సహోదరి దగ్గర ఆగింది. ఆమె హృదయంలోని గర్వాన్ని తీసివేయమంది. ప్రేమను ప్రేమగా అందుకునే బుద్ధి ఇమ్మంది. అవును ప్రభువా అని చుట్టూ గొంతులు కలిశాయి.

ప్రార్థన మధ్యలో నోరెత్తడం ఆ గదిలో ఎన్నడూ ఎరగరు. పెద్దక్క లేచింది.

"అమ్మగారూ, ఆపండి."

కళ్ళు తెరుచుకున్నాయి.

"ఆమెది గర్వం కాదు. దాచమని ఇచ్చిన మాట నేను ఇక్కడ బయటపెట్టాను. ప్రార్థన అని పేరు పెట్టి చెప్పాను. తప్పు నాది. ఆమె గురించి ఇంక ఎవరూ ఏమీ అడగొద్దు, దేవుణ్ణి కూడా."

పోయిన వారం రాని ఒకావిడ ముందుకు వంగి, మెల్లగా, "ఏ మాట అక్కా?" అంది.

ఆ వంగడం పెద్దక్కకు బాగా తెలుసు. దాని కోసమే ఇన్నేళ్ళు బతికింది. ఇప్పుడు కూడా నాలుక ఊరిందని ఒప్పుకోవాలి.

"అది నేను చెప్పకూడదు," అని కూర్చుంది.

ఆమేన్ ఎవరూ అనలేదు. ఎప్పుడూ వచ్చే తేలిక వస్తుందేమోనని ఇంటిదాకా చూసింది. రాలేదు. బేకరీ ఆవిడ ఒక్కతే వీధి మలుపు దాకా పక్కన నడిచి, నా సంగతి కూడా నువ్వే చెప్పావా అని అడిగింది. అవునంది పెద్దక్క. ఆవిడ ఇంకేమీ అనకుండా తన దారిన వెళ్ళింది.

గురువారం మధ్యాహ్నం దాకా మరదలు మాట్లాడలేదు. భోజనాల వేళ అయ్యాక, మిషను మీదినుంచి తలెత్తకుండానే అంది. "ఎవరో ఒకావిడ నిన్న రాత్రి మా ఇంటికొచ్చింది. మీ వదిన ఎంత అడిగినా ఏం చెప్పలేదని మీ మీద చాడీలు చెప్పింది."

పెద్దక్క చేతిలోని దుప్పటి మడతపెట్టింది.

"ఈ ఆదివారం క్లాసుకి వెళ్తాను. నాకు చదవడం రాదు, నేర్చుకుంటున్నానని పిల్లలకి నేనే చెప్తాను. ముందే అనుకున్నాను అది. మొత్తం వచ్చేశాక, పిల్లల ముందు చదివి, అప్పుడు చెప్దామని. మా అమ్మాయికి కూడా."

తను ఎత్తుకుపోయింది ఏమిటో పెద్దక్కకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. రహస్యం ఒక్కటే కాదు, దాన్ని విప్పుకునే రోజును కూడా. క్షమించమనడానికి కూడా ముఖం చెల్లలేదు.

అంతలో ఇంకోటి తట్టింది. మరదలు నేర్చుకుంటున్నానంది. ఈ గదిలో బల్ల మీద సుద్ద పడి ఐదారు రోజులైంది. మరి నేర్పుతున్నదెవరు? తమ్ముడా? కూతురా? అడగాలని ప్రాణం కొట్టుకుపోయింది. పెదవులు కూడా విడివడ్డాయి. పెద్దక్క వాటిని మూసుకుని దుప్పటి అందుకుంది.

మరదలు అది చూసింది.

"ఎవరు నేర్పుతున్నారో అడగరేం?"

"నీకు చెప్పాలనిపిస్తే చెప్తావు."

మరదలు కాసేపు ఆవిడ ముఖంలోకే చూసింది. తర్వాత దారం తెంపి, బుట్టలోంచి ఇంకో దుప్పటి తీసి, మిషను తొక్కింది. చెప్పలేదు.