ఏసీ ఆపిన అరగంట

ఇరాన్‌లోని మా అహ్వాజ్‌లో జూలై నెలలో ఏసీ ఆపమని అడిగిన మనిషిని నా జన్మలో ఒక్కసారే చూశాను.

పీహెచ్‌డీలో చేరాలంటే ముందు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. అందులో మొదటి భాగం వినడం. స్పీకర్లో ఎవరో మాట్లాడుకుంటారు. ఒక్కసారే వినిపిస్తారు. అంతలోనే కాగితం మీద జవాబులు గుర్తుపెట్టాలి. నేను పశువుల దాణా మీద పనిచేసేవాణ్ణి. గేదె అరుపు వింటే దానికేం కావాలో చెప్పగలను గానీ ఆ ఇంగ్లీషు గొంతులు వింటే నాకు ముక్క అర్థం కాదు.

ఆ రోజు నా పక్క సీటులో, కిటికీ వైపు, నలభై దాటిన ఒకావిడ కూర్చుంది. ఆమె చెవి పక్కనే పాత ఏసీ ట్రాక్టరులా మోగుతోంది. పరీక్ష చూసే బెహ్బహానీ గారు స్పీకరు సరిచూసి, "అందరికీ వినిపిస్తోందా?" అన్నారు.

ఆవిడ లేచి నిలబడింది. "ఆగా బెహ్బహానీ, ఈ ఏసీ ఒక్క అరగంట ఆపిస్తారా?"

హాలంతా గొల్లున నవ్వింది. బయట నలభై ఎనిమిది డిగ్రీలు. నా నోరు ఊరుకోలేదు. "అమ్మా ఖానుమ్, మేం వినడానికొచ్చాం, ఉడకడానిక్కాదు!"

అందరూ ఇంకా నవ్వారు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆవిడ నావైపు చూడలేదు. "నాకు ఎడమ చెవి ఒక్కటే పనిచేస్తుంది. అది ఏసీ వైపుంది. వేరే చోట కూర్చోనివ్వండి పోనీ."

"సీటు నంబర్లు మార్చే అధికారం నాకు లేదమ్మా," అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. "ముందే అర్జీ పెట్టుకోవాల్సింది."

"పెట్టాను. రెండుసార్లు."

ఆయన తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు. ఆవిడ కూర్చుని పెన్సిలు చేతిలోకి తీసుకుంది. ఎడమ చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, మెడ పూర్తిగా నావైపు తిప్పి ఎడమ చెవిని స్పీకరుకి ఎదురుగా తేవాలని చూసింది. అలా తిరిగితే కాగితం కనబడదు. మళ్లీ ముందుకు తిరిగింది.

అది చూశాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి వెళ్లి ఏసీ స్విచ్ ఆపేశాను.

"ఏయ్, నీకేం పిచ్చా!" వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "రేపు నా మార్కులు నువ్వేస్తావా?"

"నీకు రెండు చెవులున్నాయిగా, వాటితో తెచ్చుకో," అన్నాను.

బెహ్బహానీ గారు నన్ను చూశారు, స్విచ్‌ని చూశారు. ఆపమన్న రూలూ లేదు, వెయ్యమన్న రూలూ లేదు. "మొదలుపెడుతున్నాం," అని బటన్ నొక్కారు.

అరగంట నరకం. చెమట చుక్కలు జవాబుల కాగితం మీద పడుతున్నాయి. పెన్సిలు జారిపోతోంది. బెహ్బహానీ గారు ప్రశ్నపత్రాల కవరుతో విసురుకుంటున్నారు. అయినా మరెవరూ ఏసీ వెయ్యమనలేదు. ఆవిడ మాత్రం కళ్లు మూసుకుని వింటోంది, తెరిచి గుర్తుపెడుతోంది.

బయటికొచ్చాక ఫలాఫెల్ వడల బండి దగ్గర ఆవిడ కనబడింది. పేరు సూదాబే. ఖర్జూరపు చెట్లను తొలిచే పురుగు మీద పనిచేస్తోంది. ఆరేళ్లప్పుడు యుద్ధంలో ఖొర్రంషహర్‌లో వాళ్ల వీధిలో బాంబు పడిందట, కుడి చెవి అప్పుడే పోయిందట. ఈ పరీక్ష ఇది నాలుగోసారట.

"హాల్లో నేనన్న మాటకి..." అని నేను మొదలుపెట్టబోయాను.

"వినబడలేదు," అంది. ముఖం చూస్తే అబద్ధమని తెలుస్తూనే ఉంది. "మీది కుడివైపు సీటు కదా." రొట్టెలో ఊరగాయ ఇంకాస్త పెట్టించి నా చేతికిచ్చింది.

మూడు వారాలకి ఫలితాలొచ్చాయి. ఆవిడ వినడంలో రెండు మార్కుల తేడాతో గట్టెక్కింది. నేను తప్పాను. అదీ వ్యాకరణంలో! ఏసీ మీద నెపం వెయ్యడానిక్కూడా లేకుండా పోయింది.

ఇప్పుడావిడ కెర్మాన్‌లో పీహెచ్‌డీ రెండో సంవత్సరం. మొన్న ఫోన్ చేసి, "మళ్లీ ఎప్పుడు రాస్తున్నారు?" అని అడిగింది. చలికాలంలో అని చెప్పాను. "వ్యాకరణం నేను చెబుతాను, రోజూ సాయంత్రం అరగంట," అంది. నిన్నటి నుంచి మొదలుపెట్టాం. చాలా కఠినమైన పంతులమ్మ.