అంచుదాకా పోసిన చాయ్

మర్గిలాన్ ఊళ్లో కాలవ ఒడ్డున ఉన్న తన చాయ్‌ఖానా పెరట్లో జనం కూర్చుని తినే చెక్క మంచాలు ఉంచాలో తీసేయాలో గురువారంతో తేల్చేస్తానని కోజిమ్‌జాన్ కోడలికి మాటిచ్చాడు. ఇచ్చాక నాలిక కరుచుకున్నాడు గానీ, ముఅత్తర్ మాట పట్టుకుంటే వదిలే రకం కాదు.

"మీ గాప్ స్నేహితులొస్తే పెరట్లో మంచాలుంటాయి మావయ్యా. రాకపోతే తీయించేస్తా. తర్వాత మూతి ముడుచుకుని కూర్చోకూడదు, ముందే చెప్తున్నా."

"వస్తారమ్మా, రాక ఎక్కడికి పోతారు?"

"పోయినవాళ్లు పోనే పోయారుగా," అనేసి ముఅత్తర్ తల దించుకుంది.

ఆ పిల్ల చెడ్డదేం కాదు. రోగం వచ్చి ఊరంతా తలుపులు బిడాయించుకున్నప్పుడు కోజిమ్ చేతులెత్తేస్తే, పొయ్యి ఆరిపోకుండా చూసింది ఆమే. పలావుని డబ్బాల్లో సర్దింది, మొగుణ్ణి మోటారు సైకిలెక్కించి ఇంటింటికీ పంపింది. రోగం తగ్గింది, తలుపులు తెరుచుకున్నాయి, కానీ జనానికి డబ్బా అలవాటైపోయింది. పెరట్లో చెక్క మంచాల మీద పరిచిన బొంతలు ఎండకి రంగు వెలిసిపోతున్నాయి. వాటిని తీసేస్తే అక్కడ ఇంకో పొయ్యి పెట్టుకోవచ్చని ముఅత్తర్ లెక్క. లెక్క తప్పని ఎవరూ అనలేరు.

"డబ్బాలో పెడితే పలావుకి చెమట పట్టి ముద్దయిపోతుందే," అనేవాడు కోజిమ్.

"తినేవాళ్లకి లేని బాధ మీకెందుకు మావయ్యా?" అనేది ఆమె. నిజమే, ఎందుకో అతనికీ తెలీదు.

గాప్ అంటే అక్కడి వాళ్ల భాషలో మాట. మాట్లాడుకోవడానికి వారంవారం ఒకచోట చేరే స్నేహితుల గుంపుకీ అదే పేరు. కోజిమ్ చాయ్‌ఖానాలో గురువారం గాప్ పెళ్లిళ్లు కాకముందు మొదలై తాతలయ్యాక కూడా సాగింది. పట్టు నేసే ఉస్మాన్‌అలీ వాళ్లకి పెద్ద. ఒకే పళ్లెంలో పలావు, ఒకే పియాలాలో, అంటే పిడి లేని గిన్నెలాంటి కప్పులో, చాయ్. ఆ పియాలా చేతులు మారుతూ తిరిగేది, వాళ్లు ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటుంటే సాయంత్రం అయిపోయేది. కోజిమ్ ఎప్పుడూ కడాయి దగ్గరే. చాయ్ పొయ్యడం, పలకరించడం, పరాచికాలాడడం అన్నీ అతని అన్న హోషిమ్ పని.

రోగం ముందుగా హోషిమ్‌నే పట్టుకుంది. తర్వాత గాప్‌లో ఒక్కొక్కరూ మంచాన పడ్డారు, కొందరు లేవలేదు. అంతా ఆ ఒక్క పియాలాలోంచే వచ్చిందని ఊళ్లో అనుకున్నారు. నిజమో అబద్ధమో దేవుడికెరుక. కోజిమ్ మాత్రం నమ్మాడు. అన్న శవాన్ని దగ్గరికెళ్లి చూడనివ్వలేదు, దూరం నుంచే పంపించాడు. ఆ రోజు మొదలు ఎవరైనా ఎదురుగా దగ్గితే అతని కాళ్లు వాటంతటవే వెనక్కి నడుస్తాయి.

గురువారం మధ్యాహ్నం వాళ్లొచ్చారు.

గేటు దగ్గర ఉస్మాన్‌అలీ గొంతు వినగానే కోజిమ్‌కి ప్రాణం లేచొచ్చింది. కడాయిలో మాంసం వేగుతోంది, పసుపుపచ్చ కేరట్ తరిగి పెట్టి ఉంది. గరిటె పక్కన పడేసి పరుగెత్తాడు. అందరూ గుండె మీద చెయ్యి పెట్టుకుని పలకరించుకున్నారు. ఒకప్పుడు ఇరుక్కుని కూర్చున్న మంచం మీద ఇప్పుడు కాళ్లు చాపుకునేంత చోటుంది.

"ఏరా కోజిమ్, బతికే ఉన్నావా?" అన్నాడు ఉస్మాన్‌అలీ.

"మీరు రాకుండా ఎలా చస్తానన్నా?"

"అయితే మేం ఆలస్యంగా రావాల్సింది, ఇంకొన్నాళ్లు బతికేవాడివి."

అందరూ నవ్వారు. పాత గాప్ మళ్లీ కూడిందనే అనిపించింది కోజిమ్‌కి.

చాయ్ పొయ్యడానికి హోషిమ్ లేడు కనక కోజిమే కెటిల్ పట్టుకున్నాడు. ఈసారి ఎవరికీ ఏమీ కాకూడదు అనుకున్నాడు. మనిషికో పియాలా పెట్టాడు. మాటిమాటికీ వాళ్ల మొహాల మీదికి వంగక్కర్లేకుండా, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటీ అంచుదాకా నింపి, గబగబా కడాయి దగ్గరికి వెళ్లిపోయాడు.

కేరట్ వేసి, బియ్యం పోసి, వెల్లుల్లి గడ్డలు గుచ్చాడు. వెనక మాటలు వినిపించడం మానేశాయి. తిరిగి చూస్తే అందరూ పియాలాల వంక చూస్తున్నారు. ఉస్మాన్‌అలీ తనది ఎత్తి, కాలుతున్నా ఆపకుండా తాగేసి, ఆమీన్ అని మొహం తడుముకుని లేచాడు. మిగతావాళ్లూ లేచారు.

"అదేంటన్నా! పలావు మూత పెట్టాను, ఇంకాసేపట్లో అయిపోతుంది."

"వద్దులేరా. నీకెందుకు శ్రమ? మగ్గం దగ్గర పనుంది."

పలావు వాసన ముక్కుకి తగులుతుంటే లేచిపోయే మనిషి ఆ ఊళ్లో పుట్టలేదు. వాళ్లు మాత్రం చెప్పులేసుకుని ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఆ కడాయి అంతా డబ్బాల్లోకి పోయింది.

"తీయించెయ్యమ్మా," అన్నాడు కోజిమ్.

ముఅత్తర్ దెప్పుతుందనుకున్నాడు. దెప్పలేదు. "ఇంకో వారం చూద్దాం మావయ్యా, వాళ్లకేదో పని పడిందేమో."

"పనీ లేదు, పాడూ లేదు. వాళ్లకి అలవాటు పోయింది. తీయించెయ్."

అలిసిపోయిన మనిషికి ఒక సుఖముంది. ఓడిపోయానని ఒప్పుకోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. వడ్రంగులు వచ్చి మంచాలు విప్పుతుంటే కోజిమ్ లోపల ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి ఆ వంక ఉండనే ఉంది.

కొన్నాళ్లకి ఓ పొద్దున ఉస్మాన్‌అలీ ఒక్కడే వచ్చాడు. ఖాళీ పెరడు, అప్పుడే ఇటుకలు పేరుస్తున్న కొత్త పొయ్యి చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"మంచాలేవిరా?"

"మీరు రాకపోతే ఎవరి కోసమన్నా?"

"రాకపోవడమేంటి? వచ్చాంగా. పొమ్మన్నావు, పోయాం."

"నేనా? నేను పొమ్మన్నానా?"

"నోటితో చెప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదురా. అందరి ముందూ పియాలాలు అంచుదాకా నింపావు. పాతికేళ్ల పిల్లాడు కూడా అత్తారింట్లో నిండు పియాలా చూస్తే చెప్పులు వెతుక్కుంటాడు. మీ అన్న గుక్కెడు పోసేవాడు. మళ్లీ అడగాలి, మళ్లీ పొయ్యాలి, అదీ మర్యాద. నిండా పోస్తే తాగి వెళ్లమనేగా అర్థం!"

ఊళ్లో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలిసిన సంగతే. కోజిమ్‌కీ తెలుసు.

"అయ్యో అన్నా... మీ దగ్గరికి మాటిమాటికీ రాకూడదనే అలా పోశాను. మీకేమన్నా అవుతుందేమోనని భయం. మీ మీద ఒట్టు."

ఉస్మాన్‌అలీ ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు.

"అలాగే అనుకున్నాను," అన్నాడు.

"అనుకుని కూడా లేచావా?"

"లేచాను. కోప్పడకు. ఆ మంచం మీద కూర్చున్న దగ్గర్నుంచీ లేని వాళ్లనే చూస్తున్నానురా. నవ్వించాలి, నవ్వాలి, ఓపిక లేదు. నువ్వు నిండా పోశావు. హమ్మయ్య, పోవచ్చు అనిపించింది. నేను లేస్తే మిగతావాళ్లూ లేచారు. వాళ్లకీ అదే కావాల్సి ఉందేమో."

కోజిమ్ కూడా ఇటుకల మీద కూలబడ్డాడు. అతని చోట ఇంకెవరైనా ఉంటే తిట్టేవాడు. కానీ పుట్టిన దగ్గర్నుంచీ తెలిసిన మర్యాద చెయ్యెలా మరిచిపోయిందని అతను తనని తాను అడుగుతున్నాడు. భయం అబద్ధం కాదు. కానీ ఆ రోజు ఆ నవ్వులు వింటూ, వీళ్లు సాయంత్రం దాకా ఉంటే హోషిమ్ మాట ఎవరో ఒకరు ఎత్తుతారు, అప్పుడు నేనేం చెయ్యాలి అని మనసు ఒక మూల గింజుకోలేదా?

"నేనూ పొమ్మన్నానేమో అన్నా," అన్నాడు.

"అంతే అయ్యుంటుందిలే," అన్నాడు ఉస్మాన్‌అలీ. అతని గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

లోపల్నుంచి పలావు మూత తీసిన చప్పుడు, వెంటనే వాసన. ఉస్మాన్‌అలీ అటు తిరిగాడు. "ఎలాగూ వచ్చాను, నాకూ ఒక డబ్బా కట్టించు. ఇంటికి పట్టుకెళ్తా."

"అమ్మా ముఅత్తర్, ఒక డబ్బా కట్టమ్మా!"

"ఒకరికా, ఇద్దరికా మావయ్యా?"

ఆమె పొద్దుట్నుంచీ రాత్రిదాకా ఫోనులో అందరినీ అడిగే ప్రశ్నే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికి అని కోజిమ్ అంటే చాలు, ఆ ఇటుకల మీదే కూర్చుని తినేవాళ్లు.

"ఒకరికే అమ్మా," అన్నాడు ఉస్మాన్‌అలీ తొందరగా.

కోజిమ్ కాదనలేదు.