మత్స్యకారులు అనగా

సింధు చదివేది అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రం. ఆ పేరును తడబడకుండా పలికేవాళ్ళు ఇబ్రహీంపట్నంలో వాళ్ళ వాడకట్టు మొత్తానికి ఆమె ఒక్కతే. "మా బిడ్డ దేశాల పంచాయితీలు చదువుతది" అని తల్లి మైసమ్మ చేపలు తూచుకుంటూ అందరికీ చెప్పేది. నిజం చెప్పాలంటే ఆ చదువును అంత సూటిగా యూనివర్సిటీలో ప్రొఫెసర్లు కూడా చెప్పలేరు.

సముద్రంలో చేపల వేటకు ప్రభుత్వాలిచ్చే సబ్సిడీల మీద జెనీవాలో దేశాలన్నీ ఏళ్ళ తరబడి తగువులాడుకున్నాయి. ఆ తగువు మీదే సింధు థీసిస్. ఆ సబ్సిడీల కోత నుంచి చిన్న మత్స్యకారులను వదిలేయాలంటే ముందు చిన్న మత్స్యకారుడంటే ఎవరో తేల్చాలి. పెద్ద పెద్ద కంపెనీలు పేదల చాటున దూరిపోతాయని సింధు భయం. అందుకని ఈగ కూడా దూరకుండా ఒక నిర్వచనం రాసింది: "స్వయంగా నీళ్ళలో వల వేసి పట్టేవారే మత్స్యకారులు. కొని అమ్మేవారు వ్యాపారులు." గైడ్ మెచ్చుకుంది. సెమినార్‌లో చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో దాన్నే తెలుగులో రెండు పేజీలుగా రాసి, ఊళ్ళో మత్స్యకారుల సొసైటీ అధ్యక్షుడు జగదీశ్వర్‌కు కూడా ఒక కాపీ ఇచ్చింది. థీసిస్ సోమవారం ఇచ్చేయాలి. ఆదివారం పొద్దున చెరువు కట్ట మీద తల్లికి పరీక్ష ఉంది.

పరీక్ష ఎందుకంటే, సింధు తండ్రి ఎల్లేశ్ మొన్న చలికాలంలో గుండె ఆగి పోయాడు. సొసైటీలో ఆయన సభ్యత్వం ఆ ఇంట్లోవాళ్ళకే రావాలి గానీ, తీసుకునేవాళ్ళు మత్స్యకారులని జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు ఒప్పుకోవాలి. సింధు అన్న కొండల్ కొంగరకలాన్ ఫ్యాక్టరీలో పర్మనెంటు, వేరే కొలువున్నవాళ్ళకు సభ్యత్వం లేదు. సింధుకు ఈత రాదు. ఇక మిగిలింది మైసమ్మ. సభ్యత్వం ఉంటే చేపలు గట్టుకు చేరగానే మొదటి తూకం ఆమెది. లేకపోతే బేరగాళ్ళు ఏరుకోగా మిగిలింది తెచ్చుకోవాలి. ముప్పై ఏళ్ళుగా మొదటి తూకం మీద బతికిన మనిషి మిగులు చేపలతో బజారులో కూర్చుంటే ఎవరు కొంటారు?

ఆఫీసరు రత్నాకర్ చెడ్డవాడేమీ కాదు. ఎండలో నిలబెట్టకుండా అందరినీ నీడకు రమ్మని, మైసమ్మ చేతికి ఇసురు వల ఇప్పించాడు. ఆ వాడకట్టులో ఆడవాళ్ళు తెప్ప ఎక్కరు, వల విసరరు. ఎక్కనివ్వరు అనాలి. జన్మలో విసరనియ్యని వలను ఇప్పుడు విసరమంటే ఏమవుతుంది? అది గొడుగులా విచ్చుకోకుండా తడిబట్టల మూటలా నీళ్ళలో పడింది. కట్ట మీద కొందరు నవ్వారు. మైసమ్మ వాళ్ళకేసి చూడకుండా వలను లాగి, నీళ్ళు పిండి, మడతపెట్టి ఇచ్చేసింది.

జగదీశ్వర్ అడ్డుపడ్డాడు. "సారూ, ఆమెకు వల రాకుంటే ఏమాయె? చేప చెవుల కింద ఇట్ల ఏలు పెట్టిందంటే అది ఎప్పుడు పట్టిండ్రో చెప్తది. ఎల్లేశ్ తెచ్చిన చేప ఒక్కటి కూడ ఈమె చెయ్యి పడకుండ అమ్ముడుపోలె. గిదంత చేపల పని కాదా?"

రత్నాకర్ కాగితాలు తిరగేశాడు. "మీరన్నది నిజమే. రూల్‌లో మత్స్యకారులు అని మాత్రమే ఉంది, వల వేయించి చూడడం ఆనవాయితీయే గానీ రూల్ కాదు. అమ్మేవాళ్ళు కూడా వస్తారని నేను రాయొచ్చు. కానీ రేపు పైనుంచి అడిగితే చూపించడానికి నాకు ఏదన్నా ఆధారం కావాలి."

"ఆధారమా? మస్తుగ ఉన్నది!" జగదీశ్వర్ మొహం వెలిగిపోయింది. "ఈమె బిడ్డనే రాసింది. జెనీవా దాక పోయే మాట." ఆయన సొసైటీ గదికి పరుగున పోయి ఆ రెండు పేజీలు తెచ్చి ఆఫీసరు చేతిలో పెట్టాడు. జగదీశ్వర్‌కు చదువు రాదు. చదువుకున్న పిల్ల తమ గురించి రాసిందంటే తమ మంచికే రాసి ఉంటుందని నమ్మాడు, అంతే.

సింధు ఒక్క అంగలో ముందుకొచ్చింది. "పెద్దబాపూ, గది వద్దు" అంటూ చెయ్యి చాపింది గానీ, రత్నాకర్ అప్పటికే పైకి చదువుతున్నాడు. "కొని అమ్మేవారు వ్యాపారులు" దగ్గర ఆయన గొంతు తగ్గిపోయింది. కట్ట మీద ఎవరూ నవ్వలేదు.

"సార్, అది పెద్ద కంపెనీలను ఆపడానికి రాసిన. మా అమ్మ లాంటోళ్ళ గురించి కాదు."

"అట్లా అని ఇందులో లేదు కదమ్మా."

"తప్పు రాసిన సార్. మారుస్త."

"మార్చండి. నేను కాదనను. ఈరోజుకైతే నా చేతిలో ఉన్నది ఇదే, అందరూ విన్నారు." ఆయన నొచ్చుకుంటూనే రాశాడు, అర్హత లేదని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సింధు ముందు రచ్చకే పోయింది, ఇల్లు ఆ వాక్యం కింద పడి నలిగింది.

ఇంటికి పోయేటప్పుడు మైసమ్మ వల పిండిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందు నడిచింది. తిడితే బాగుండునని సింధుకు అనిపించింది. చివరికి తానే మొదలుపెట్టింది. "అమ్మా, గా సారు జర మనసు పెడితే అయ్యేది. మల్లొకసారి అర్జీ పెడదం. ఆయనకు నీ గురించి ఏం తెల్వదు."

"ఆయన మీద నాకు కోపం లేదు" అంది మైసమ్మ. "నీ పుస్తకం ఎంత లావున్నది?"

"మూడువందల పేజీలు."

"అండ్ల నేను యాడనన్న ఉన్ననా?"

సింధు ఒక్కొక్క అధ్యాయం గుర్తు చేసుకుంది. ఓడలున్నాయి, దేశాలున్నాయి, ఒప్పందాలున్నాయి, ఈ చెరువు గురించి ఇరవై పేజీలున్నాయి. వల వేసేవాళ్ళను డెబ్భై మందిని కూర్చోబెట్టి అడిగింది. చేపలమ్మే ఆడవాళ్ళను ఒక్కరిని కూడా అడగలేదు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లేవమ్మా" అంది.

మైసమ్మ నడక ఆపలేదు. "సారు నన్ను గడియసేపు చూసి రాసిండు బిడ్డా. నువ్వు ఇరవై ఆరేండ్ల సంది చూస్తున్నవ్."

సింధుకు సిగ్గేసింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. సోమవారం ఆమె యూనివర్సిటీకి పోయింది, ఇంకో ఆరు నెలల గడువు కావాలని దరఖాస్తు ఇచ్చింది. కారణం రాయాల్సిన చోట, ఫీల్డ్‌వర్క్ సగమే అయింది అని రాసి సంతకం పెట్టింది.