మూడు రకాల పర్వాలేదు

ఆ స్వచ్ఛంద సంస్థలో ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. అందరికీ ఆయన చార్టుల సారే. ఏ సంగతైనా రంగురంగుల గీతల్లో చూపిస్తే గాని ఆయన మనసు కుదుటపడదు. కూతురి మార్కులకు కూడా చార్టు గీసి గోడకంటించి, భార్య చేత చీవాట్లు తిన్న మనిషి. మంచివాడే, పనిదొంగ అసలే కాదు. కాకపోతే కాగితం మీద ఉన్నదాన్ని నమ్మినంతగా కళ్లెదుట ఉన్నదాన్ని నమ్మడు.

ఆయన చూసుకునేది బట్టల ఫ్యాక్టరీ అవతలి వీధుల్లో ఉన్న పిల్లల కేంద్రం. ఫ్యాక్టరీలో పనిచేసే తల్లులు పొద్దున పిల్లల్ని అక్కడ దింపి సాయంత్రం తీసుకెళ్తారు. రెండు గదులు, ఒక వరండా, నలభై చిన్న పరుపులు, ఒక ఆయా, ఆవిడకు సాయంగా ఇంకొకామె. తెరిచిన ఏడాది నలభై పరుపులూ నిండాయి. ఇప్పుడు పదమూడు మందే మిగిలారు. తక్కిన పరుపులు చుట్టలు చుట్టుకుని మూలన నిలబడ్డాయి.

నెలాఖరున సమీక్ష ఉంది. పిల్లలు రాని కేంద్రం ఎందుకు, మూసేద్దామని డైరెక్టరమ్మ ముందే కబురు పంపింది. మూస్తే ఏమవుతుందో చార్టుల సారుకు బాగా తెలుసు. కేంద్రం లేని రోజుల్లో తల్లులు పిల్లల్ని లోపలే ఉంచి బయట తాళం వేసి పనికి పోవడం ఆయన చూశాడు. తాళం వేసిన తలుపు వెనక పసిపిల్ల ఏడుపు విన్నాకే ఆయన కాళ్లరిగేలా తిరిగి ఈ కేంద్రం పెట్టించాడు. ఆ ఏడుపు మళ్లీ వినాల్సి వస్తుందేమోనని ఆయనకు అన్నం సహించడం లేదు.

అందుకే వంద ఇళ్లలో సర్వే చేయించాడు. ఫారం స్వయంగా తయారుచేశాడు. కేంద్రం ఎలా ఉందన్న ప్రశ్నకు మూడు గళ్లు పెట్టాడు: బాగుంది, పర్వాలేదు, బాగాలేదు. మొదటి రెండూ కలిపి తృప్తిగా లెక్కకట్టాలని అడుగున చిన్న అక్షరాలతో రాశాడు. తొంభై రెండు శాతం తృప్తి అని తేలింది. ఆకుపచ్చ రంగుతో చార్టు గీసి, ఇంకేముంది గండం గట్టెక్కిందనుకున్నాడు.

డైరెక్టరమ్మ ఫోనులో ఆ అంకె విని, "అందరూ తృప్తిగానే ఉన్నారు, అయినా పిల్లల్ని పంపడం లేదు. అంటే వాళ్లకి కేంద్రంతో పని తీరిపోయిందన్నమాట" అంది. సారు ఫోను పెట్టేశాడు. తను గీసిన చార్టే తన కొంప ముంచేలా ఉంది. తలమీద ఉన్న నాలుగు వెంట్రుకలూ పీక్కుంటూ ఫారాలన్నీ మళ్లీ ముందేసుకుని కూర్చున్నాడు.

వాటిలో సగం కండక్టరమ్మ తెచ్చినవి. ముప్ఫై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టి, రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక ఇక్కడ సర్వేల పనిలో చేరిన మనిషి. ఆవిడ ఫారాల్లో పర్వాలేదన్న గడి పక్కన సన్నటి చుక్కలున్నాయి. కొన్నిచోట్ల ఒకటి, కొన్నిచోట్ల రెండు, కొన్నిచోట్ల మూడు.

"ఏంటక్కా ఇది? ఫారం మీద చీమలు పాకాయా?" అని అడిగాడు సారు, విసుగ్గా.

"చీమలు కాదు సారూ, అవి పర్వాలేదులు. మీరేమో ఒక్క గడే పెట్టారు. జనం చెప్పేవి మూడు రకాలు."

"మూడేంటి?"

కండక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అబ్బే పర్వాలేదండీ, బానే ఉంది అంటారు చూడండి నవ్వుతూ, దానికి ఒక చుక్క. ఏదో... పర్వాలేదు, అని సాగదీస్తారు, ఇంతకంటే మంచిది మనకెక్కడ దొరుకుతుందిలే అన్నట్టు. దానికి రెండు. ఇక మూడోది, పర్వాలేదులెండి. బస్సులో కాలు తొక్కితే అంటారే, అది. నొప్పి లేక కాదు సారూ, ఇక ఆ మాటెత్తకండి అని. ఆ మాట అంటూనే తలుపు మూసేస్తారు. మీరు దాన్ని కూడా తృప్తిలో కలిపేశారు."

సారు గబగబా లెక్కపెట్టాడు. ఆవిడ తిరిగిన యాభై ఇళ్లలో మూడు చుక్కలవి ఇరవై ఆరు. కేంద్రం హాజరుపట్టీ పక్కన పెట్టుకుని చూస్తే, అందులో ఇరవై ఒక్క ఇళ్లు పిల్లల్ని మానిపించినవే. ఆయన నోరు వెళ్లబెట్టాడు. ఇంతకాలం ఆకుపచ్చ రంగేసి మురిసిపోయింది దీనికా! అంతంత చదువులు చదివి తాను పప్పులో కాలేస్తే, ఈవిడ ఒక్క పెన్నుతో పట్టేసింది.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదక్కా!"

"చెప్పబోయాను సారూ. గడిలో పట్టనిది రాయొద్దన్నారు మీరు."

అన్న మాట నిజమే. సారుకు తలకొట్టేసినట్టయింది.

ఫ్యాక్టరీ సెలవు రోజున ఇద్దరూ కలిసి బయల్దేరారు. ఫారం బయటికి తీయకూడదు, నోరు మెదపకూడదు అని కండక్టరమ్మ ముందే షరతు పెట్టింది. మొదట కాలర్లు కుట్టే అమ్మాయి ఇంటికి వెళ్లారు. రెండేళ్ల పిల్ల గడప దగ్గర గిన్నె బోర్లించి వాయిస్తోంది. పక్కనే నాయనమ్మ చెవులు రిక్కించి కూర్చుంది. కేంద్రం సంగతి ఎత్తగానే కాలర్ల అమ్మాయి, "పర్వాలేదులెండి" అంది.

కండక్టరమ్మ లేచి రాలేదు సరికదా, మెట్టు మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది. "ఎవరికి పర్వాలేదు తల్లీ? నీకా, పిల్లకా, ఆయాకా?"

ఆ అమ్మాయి తానూ గడప మీద కూర్చుంది. ఆ తర్వాత మొదలుపెట్టింది. "ఐదింటికి మాకు సైరన్ కొడతారు. ఐదింటికే అక్కడ మూసేస్తారు. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తినా పావుగంట పడుతుందండీ. నేను పోయేసరికి ఆయా గేటు దగ్గర ఒక చేత్తో నా పిల్లని, ఇంకో చేత్తో తాళం పట్టుకుని నిలబడుంటుంది. ఒక్క మాట అనదు. పర్వాలేదులేమ్మా అంటుంది. రోజూ అదే. తిట్టినా బాగుండేది, నేనూ ఒకటి అనేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయి మానిపించేశాను."

"మరి ఇప్పుడు పిల్లని ఎవరు చూస్తున్నారు?" అంది కండక్టరమ్మ.

"మా అత్త. ఆవిడకి చూపు ఆనదు. పిల్ల చప్పుడు వినపడకపోతే కేకేస్తుంది, అంతే."

చార్టుల సారు పిల్ల వైపు చూడలేకపోయాడు. ఫ్యాక్టరీ వేళలకు ఒక గీత, కేంద్రం వేళలకు ఒక గీత పక్కపక్కనే గీసి, రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయని మెచ్చుకున్నది తనే. ఆ రెండింటి మధ్య నడవాల్సిన దారి ఒకటుందని ఆయన బుర్రకు తట్టలేదు. పాత ఆయా ఇల్లు పక్కనే కాబట్టి తల్లులు వచ్చేదాకా ఉండేది, మొదటి ఏడాది ఎవరూ ఇబ్బంది పడలేదు. కొత్త ఆయా ఇల్లు దూరం.

ఆయాను అడిగితే ఆవిడ బావురుమంది. ఐదూ ఇరవై బస్సు తప్పితే మళ్లీ ఆరున్నరకే. ఇంట్లో భర్త మంచం మీద ఉన్నాడు, మంచినీళ్లయినా ఈవిడే అందించాలి. "పాపం పరిగెత్తుకొచ్చారు, బాధపడకూడదని అలా అన్నానక్కా. నేను మంచి మాటనుకున్నాను" అంది. కండక్టరమ్మ ఆవిడ వీపు నిమిరింది.

సమీక్ష రోజున సారు ఆకుపచ్చ చార్టు తెరవలేదు. లేచి నిలబడ్డాడు. "ఆ తొంభై రెండు శాతం తప్పండి. ప్రశ్న రాసింది నేను, తప్పూ నాదే" అన్నాడు.

"మరి సరైన అంకె ఎంత?" అంది డైరెక్టరమ్మ.

"అంకె తెలీదండి. పిల్లలు ఎందుకు రావడం లేదో మాత్రం తెలిసింది." జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇకమీదట ఆయా గంట ముందు వచ్చి నాలుగున్నరకే వెళ్లిపోతుంది. సాయం చేసే ఆమె పొద్దెక్కి వచ్చి ఆరున్నర దాకా ఉంటుంది. ఆమె ఇల్లు పక్క సందులోనే కాబట్టి ఒప్పుకుంది. ఇద్దరినీ అడిగే ఈ ఏర్పాటు చేశామన్నాడు.

డైరెక్టరమ్మ కండక్టరమ్మ వైపు తిరిగింది. "ఇదంతా మీరెలా పట్టారు?"

"ముప్ఫై ఏళ్లు జనం మాటలు వీపుతో విన్నానమ్మా. టికెట్లు కొడుతుంటే మొహాలు చూసే తీరిక ఎక్కడిది? గొంతు వినే తెలుసుకోవాలి."

డైరెక్టరమ్మ మూడు నెలలు గడువిచ్చింది. చార్టుల సారు జీవితంలో మొదటిసారి ఒక మనిషిని చూసి, చార్టును చూసినప్పటికన్నా ఎక్కువ పొంగిపోయాడు. ఆ మాట ఆవిడతో అనేశాడు కూడా. "పోనిద్దురూ" అని ఆవిడ సంచి సర్దుకుంది.

మూడో నెలకు ముప్ఫై ఒక్క పరుపులు పరిచారు. అంకె చేతిలోనే ఉన్నా, సారు ఒక సాయంత్రం కండక్టరమ్మను తీసుకుని కేంద్రానికి వెళ్లాడు. ఐదున్నర దాటింది. కాలర్లు కుట్టే అమ్మాయి వీధి మలుపు తిరిగి, చెప్పులు కాళ్లకే ఉండగా, తీరిగ్గా నడిచి వచ్చింది. పిల్ల ఇంకా నిద్రపోతోంది. సాయం చేసే ఆమె లేపబోతే, "లేపకండి, కాసేపు కూర్చుంటాను" అంది. వరండాలో నేల మీద కూలబడి, గోడకానుకుని, కాళ్లు బారజాపి కళ్లు మూసుకుంది.

ఆ వరండాలో ఒక తల్లి కూర్చోవడం సారు ఎన్నడూ చూడలేదు. ఆయన కళ్లు చెమర్చాయి. "ఇక్కడొక బెంచీ వేయిద్దామా అక్కా?" అన్నాడు గుసగుసగా.

"నన్నడుగుతారేంటి సారూ? కూర్చునే మనిషిని అడగండి."

సారు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాడు. ఆమె అప్పటికే నిద్రలోకి జారుకుంది. ఆయన చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా ఎదుటి గోడ పక్కన కింద కూర్చున్నాడు, ఆమె లేచాక అడుగుదామని.