ముందు చక్రం బరువు

ముందు చక్రం మొదటిసారి జారినప్పుడు సైమన్ తడి ఆకుల్ని తిట్టాడు. రెండోసారి టైరును తిట్టాడు. మూడోసారి తిట్టడానికి ఏమీ మిగలక సైకిలు దిగి, దాని ముందు పెట్టెలో కూర్చున్న భార్యతో సహా కొండ మీదికి తోసుకుంటూ ఇల్లు చేరాడు. లూషా దుప్పటి గడ్డం దాకా లాక్కుని కూర్చుందే తప్ప దారి పొడవునా ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు. అసలు భయపడాల్సింది అప్పుడే. ఇన్నేళ్ల కాపురంలో మొగుణ్ని వెక్కిరించే అవకాశం ఆమె ఏనాడూ వదులుకోలేదు. కానీ సైమన్ రంపపు మిల్లులో బతుకంతా గడిపినవాడు. యంత్రం మొరాయిస్తే యంత్రాన్నే చూస్తాడు, అందులో కూర్చున్న మనిషిని చూడడు.

కెనడాలోని ఆ నెల్సన్ ఊళ్లో ఇళ్లన్నీ కొండకు వేలాడేవే. వాళ్లది మరీ నిటారు వీధిలో చిట్టచివరి ఇల్లు. పాత ట్రక్కు మూలపడ్డాక, మోకాళ్లు అరిగిపోయిన లూషాకు ఆదివారం కొండ కింది ప్రార్థన హాలుకు వెళ్లి కీర్తనలు పాడటం లేకుండా పోయింది. ముత్తాతలు రష్యా నుంచి మోసుకొచ్చిన కీర్తనలు అవి. వాయిద్యాలుండవు, గొంతులే. లూషా లేకపోతే ఆడవాళ్ల పాట కుంటుతోందని కబురు మీద కబురు వచ్చింది. దాంతో సైమన్ ముందువైపు పెద్ద పెట్టె ఉన్న కరెంటు సైకిలు తెచ్చాడు. వెనక చక్రంలో ఉన్న ఒక్క మోటారు సగం కొండ ఎక్కేసరికే కమురు వాసన కొట్టింది. అంతటితో ఊరుకునే మనిషా? ముందు చక్రంలో ఇంకో మోటారు పెట్టి, ఇరుసు తిరిగిపోకుండా ఉక్కు పట్టీ కోసి బిగించాడు. కుడి బొటనవేలి కింద వెనక మోటారు మీట, ఎడమ బొటనవేలి కింద ముందుదాని మీట.

ఖాళీ పెట్టెతో ఎక్కించి చూస్తే ముందు చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి కంకర చిమ్మింది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోతుంది, ముందు చక్రానికి పట్టు దొరకదు. లూషా వచ్చి పెట్టెలో కూర్చోగానే దొరికింది. బండి గునగునా కొండెక్కేసింది.

"చిన్నప్పట్నుంచీ నా లావు చూసి నవ్వినవాళ్లే అందరూ. ఇప్పుడు నేను ఎక్కకపోతే మా ఆయన బండి కొండెక్కదు" అని హాల్లో గొప్పలు పోయింది. "నా బోర్ష్ సూపులో ఇంకాస్త మీగడ వెయ్యండర్రా, అసలు ఇంజను నేనే!"

అలాంటి బండి ఇప్పుడు జారుతోంది. సైకిలు షాపు నడిపే గ్రేటా మోటారు విప్పింది, తిప్పి చూసింది, మళ్లీ బిగించింది.

"దీనికే రోగమూ లేదు తాతా. ముందువైపు బరువు తగ్గిందేమో. ఇదివరకటి సరుకేనా వేస్తున్నావు?"

"సరుకేంటి? అది నా పెళ్లాం!"

"అయితే ఆవిణ్నే అడుగు" అని గ్రేటా నవ్వింది.

సైమన్‌కు నవ్వు రాలేదు. తన గిన్నెలోది సగం మొగుడి గిన్నెలో వంచి "తొక్కేవాడివి, నువ్వు తిను" అనడం లూషాకు ఈమధ్య అలవాటైంది. తన పొట్ట పెరుగుతోంది సరే, మరి ఆమెకేం మిగులుతోంది? ఇంటికొచ్చి దొంగచూపులు చూడటం మొదలుపెట్టాడు.

"ఏంటలా చూస్తావు, పెళ్లిచూపులకొచ్చినట్టు?"

"చిక్కిపోయావా నువ్వు?"

"ముందు ఆ కళ్లజోడు మార్చుకో."

ఆ ఆదివారం చక్రం జారలేదు. తర్వాతి ఆదివారమూ జారలేదు. సైమన్ ప్రాణం లేచొచ్చింది. గ్రేటాకు బళ్ల సంగతి ఏం తెలుసులే అనుకుని ఈల వేసుకుంటూ తిరిగాడు. ఇంట్లో లోటు ఒక్కటే, తనకు ప్రాణమైన ఊరదోసకాయలు లేవు.

"అయిపోయాయి" అంది లూషా.

"ఎండాకాలం అన్ని సీసాలు పెట్టావు కదే?"

"తిన్నావుగా. పొట్ట నిమురుకో, తెలుస్తుంది."

ఒకరోజు వానకు పెట్టెలో పరుపు తడిసిపోతే ఆరబెడదామని పైకెత్తాడు. కింద ఊరదోసకాయల సీసాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా ఒక్కోదానికి ఒక్కో ఉన్ని మేజోడు తొడిగి ఉంది. ముందు నవ్వొచ్చింది. ఈ ముసల్ది తిండి దాచడం కూడా మొదలుపెట్టిందా అనుకున్నాడు. సీసా చేతిలోకి తీసుకున్నాక, దాని బరువు తెలిశాక, నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కటే గ్యారేజీ నేల మీద పెడుతూ, చక్రం జారడం ఎందుకు మానిందో లెక్కగట్టాడు.

లూషా వంటింట్లో బీట్‌రూట్ చెక్కు తీస్తోంది. సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఎన్నాళ్లనుంచే?"

"దోసకాయలా?"

"లూషా!"

ఆమె కత్తి పక్కన పెట్టింది. "ఎండాకాలం నుంచి. తిన్నది లోపల నిలవట్లేదు."

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే ఆసుపత్రికి లాక్కుపోతావు. మా అమ్మనీ అలాగే కిందికి తీసుకెళ్లారు. మళ్లీ పైకి రాలేదు. చక్రం జారినప్పుడల్లా నువ్వు ఆ మోటారును తిడుతుంటే వినలేకపోయాను. అందుకే ఒక్కో సీసా పెడుతూ వచ్చాను."

"ఇంకా ఎన్ని పెడదామనుకున్నావు?"

"ఉన్నన్ని."

సైమన్‌కు కోపం ముంచుకొచ్చింది. ఆమె మీదో, తన మీదో తెలియలేదు. పెట్టెలో కూర్చున్న మనిషి కరిగిపోతుంటే తను టైర్లు మార్చుకుంటూ కూర్చున్నాడు. సీసాలన్నీ ఇంట్లోకి మోసి, మేజోళ్లు ఊడదీసి, అరలో సర్దేశాడు. ఆమె కోటు తెచ్చాడు.

"పద. డాక్టరు దగ్గరికి."

"ఆ సీసాలు లేకుండా నన్ను మళ్లీ పైకి ఎలా తెస్తావయ్యా? చక్రం జారుతుంది."

"జారితే తోస్తాను."

"ఒట్టు?"

"మన మతంలో ఒట్టు పెట్టడం తప్పు కదటే? తోస్తానన్నాను, అంతే."

లూషా కోటు తొడుక్కుంది. గుండీలు వదులుగా పడ్డాయి. ఈసారి దుప్పటి లాక్కుని దాచుకోలేదు.

దిగేటప్పుడు మోటార్లతో పనిలేదు, బ్రేకులే. కొండ మలుపు దగ్గర సైమన్ అలవాటుగా రెండు పిడికిళ్లూ బిగించాడు. ఎప్పుడూ అక్కడ ఎంత గట్టిగా పట్టినా బండి మనిషిని ఈడ్చుకుపోయేది. ఇవాళ పట్టీపట్టగానే ఆగిపోయింది.

"ఏమైంది? ఎందుకాపావు?" అంది లూషా ముందు నుంచి.

"ఏం లేదు" అన్నాడు. కళ్లు తుడుచుకుని, పిడికిళ్లు సడలించి, రెండు వేళ్లతో బ్రేకులు పట్టుకుని మెల్లగా దిగసాగాడు. ఆ రెండు వేళ్లే చాలాయి.