ఆరవ రేకు

ఆ ఆదివారం మచిలీపట్నంలోని ఆ వరండాలో ఆసీనులైనవారు, కూర్చున్న వరుసలో: పడక కుర్చీలో విశ్రాంత ప్రధానోపాధ్యాయులు పాండురంగ గారు, ఎదుట బల్లపై వారి సహధర్మచారిణి వేదవతి, ఆమె పక్కన కోడూరు నుంచి వచ్చిన రైతు ఇల్లాలు రాజకుమారి, గడప దగ్గర కోడలు శ్రావ్య.

"ఒక కొక్కెం సూది, ఒక నూలు ఉండ. దీనికింత ఆర్భాటమా?" అన్నారు పాండురంగ గారు, ఆడవాళ్లు అల్లుతున్న క్రోషే పువ్వులను చూసి.

"అయితే మీరే అల్లండి. సరిగ్గా ఐదు రేకుల పువ్వు," అంది వేదవతి. "తప్పారో, మంగళవారం గుడివాడ పెన్షనర్ల సభకు దాన్నే కోటుకు పెట్టుకుని రావాలి."

ఆ సభకు అధ్యక్షులు వారే. అయినా వెనుకంజ వేయక, గొలుసు అల్లి వలయంగా కలిపారు. చూపు సూది మీద నిలపవలసి ఉన్నందున, రేకుల లెక్కను రాజకుమారికి అప్పగించారు.

మొదటి రేకు ముగిసింది. "లాభం!" అంది రాజకుమారి.

శుభవచనమని భావించి వారు తల పంకించారు. మరో రేకు ముగిసింది.

"రెండు!"

"ఒకటి చెప్పకుండా రెండెక్కడిదమ్మా? ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఒకటి అనండి!"

రాజకుమారి వేదవతి వైపు ఓరగా చూసింది. "మీ ఇష్టం మాస్టారూ. ఒకటి!"

ఐదు అనేసరికి శ్రావ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆరొచ్చాయి మావయ్యగారూ!"

"ధాన్యం కొలిచేటప్పుడు మా ఇంట్లో మొదటి కుంచాన్ని ఒకటి అనమండీ, లాభం అంటాం," అంది రాజకుమారి అమాయకంగా. "రెండోది రెండే. మాస్టారు దిద్దితే కాదనగలమా?"

ఐదింటికి సరిపడే వలయంలో ఇమడలేక ఆరవ రేకు వేగిన అప్పడంలా పైకి లేచింది.

మంగళవారం గుడివాడ బస్సులో పాండురంగ గారు కోటుకున్న ఆ పువ్వును అరచేత కప్పుకొని కూర్చున్నారు.

"గుండె నొప్పా మాస్టారూ?" అన్నాడు కండక్టరు.

"కాదు. పువ్వు."

పక్క సీటులోని వేదవతికి నవ్వాగలేదు, జాలి కూడా కలిగింది. సంచిలోంచి సూది తీసి, పెడన దాటేలోగా ఆ రేకును వెనక్కి మడిచి రెండు కుట్లు వేసింది. పువ్వుకు ముచ్చటగా ఐదు రేకులు!

సభలో కార్యదర్శి గంగరాజు ముచ్చటపడ్డాడు. "ఐదు రేకులూ ఎంత పొందికగా కుదిరాయండీ! మీ చేతి పనేనా?"

ఔనంటే చాలు, పరువు దక్కుతుంది. పాండురంగ గారు వేదవతి వైపు చూశారు. ఆమె పంకా వైపు చూస్తోంది. వారు పువ్వును ఊడదీసి, తిరగేసి, అందరికీ చూపారు.

"గంగరాజు గారూ, మినిట్స్‌లో రాయండి: అధ్యక్షుడు తన తప్పుడు లెక్క వలన అల్లిన ఆరవ రేకును, బస్సు కుదుపులలో, అడగకుండానే మడిచి కుట్టి ఆయనను ఆదుకున్నందుకు, శ్రీమతి వేదవతి గారికి ఈ సభ తన కృతజ్ఞతలు తెలియజేయుచున్నది."