పదకొండు మాటల కాగితం

నాకు అన్నిటికంటే పెద్ద భయం, వాడికి దాహమై నీళ్లు అడిగితే ఆ గదిలో ఒక్కరికీ అది నీళ్లని తెలియకపోవడం, ఇంకో భయం కూడా ఉంది కానీ దాని పేరు ఎత్తను, కొమురెల్లికి రెండేళ్ల మూడు నెలలు, మంగళవారం నాడు గొంతులో తెల్లటి పొర కట్టింది, కంఠసర్పి అన్నారు డాక్టరు, అంటురోగం, తల్లి కూడా లోపలికి రాకూడదు, దవాఖాన వెనక వేరే గది, నాలుగు మంచాలు, మావాడిది మూడోది, నేను బయట గోడవారన అరుగు మీద కూర్చుని పెన్సిలు నాలికకు తడిపి రాస్తున్నాను, కేలెండరు నుంచి చింపిన అక్టోబరు నెల వెనక, ఎడమవైపు వాడి మాట, కుడివైపు దాని అర్థం, బుమ్మ అంటే నీళ్లు, టిట్టీ అంటే ఎత్తుకొమ్మని, లోల అంటే దుప్పటి, పగటి నర్సమ్మ కేరళ మనిషి, తెలుగు చదవలేదు, సాయంత్రం ఆరింటికి వచ్చే ఆమె తెలుగామేనట, చదువుతుందట, ఈ కాగితం ఆమెకోసం, ఇప్పుడు నాలుగు దాటింది, పదకొండు మాటలయ్యాయి, అక్షరాలు వరసలో నిలబడటం లేదు, ఐదో తరగతి నడుమ ఆగిపోయిన చేయి.

దీనికంతటికీ నువ్వే కారణం అని పొద్దున అత్తమ్మ సద్ది గిన్నె చేతికిస్తూ అన్నది, నీళ్లను నీళ్లనుమని ఒక్కనాడన్న చెప్పినవా అనసూయా, వాడు పిట్ట కూసినట్టు కూస్తే నువ్వు మురిసి ముక్కలైతివి, ఇగ చూడు, దవాఖానల ఎవలకు సమజైతది, నేను గిన్నె మూత సరిగ్గా పడిందా లేదా అని చూసుకున్నాను, ఆమె అన్నది నిజమే, చెప్పలేదు, నా చిన్నప్పుడు నెక్కొండ బడికి కొత్తగా వచ్చిన పంతులు నేను మాట్లాడేది తెలుగే కాదని అరచేతి మీద బెత్తంతో రెండు కొట్టాడు, ఆ నెలలోనే బడి మానిపించారు, బెత్తం వల్ల కాదు, చెల్లెలు పుట్టింది, ఎత్తుకునే మనిషి కావాలి, అయినా నాకు ఆ రెండూ ఒకే రోజు జరిగినట్టుగా గుర్తు, తప్పు అన్న మాట నా కొడుకు చెవిన పడకూడదని అనుకున్నాను, వాడు ఏదంటే అది, సరే నాయనా అనేదాన్ని.

పన్నెండో మాట కోసం వెతుకుతూ మళ్లీ పైకి, బుమ్మ దగ్గరికి వచ్చి ఆగాను, బుమ్మ అన్నది ఎప్పుడు, వానలు మొదలైనప్పుడు, ఆ తర్వాత ఎప్పుడైనా అన్నాడా, లేదు, ఒకనాడు చెంబు చూసి జిల్లి అన్నాడు, మొన్న జ్వరంలో చెయ్యి చాచి హాం అన్నాడు, మూడూ నీళ్లే, మూడూ ఒక్కొక్కసారే, రైలు గేటు దగ్గర వాళ్ల నాన్న భుజాలెక్కి గూడ్సు బండిని చూసి డంబలాయి అన్నాడు, ఈయన, సారంగపాణి, మిల్లు నుంచి అలిసొచ్చిన మనిషి, నవ్వీ నవ్వీ, మళ్లొక్కసారి అనురా కొడుకా, డంబలాయి అనురా, నీకు బత్తీస మిఠాయి పెడత, అని గేటు లేచేదాకా బతిమాలాడు, వాడు ఆయన జుట్టు పీకుతూ కూర్చున్నాడు తప్ప అనలేదు, రైలు పోయింది, మాటా పోయింది, వాడు ఏ మాటా రెండోసారి వాడడు, నేను తల్లినై ఉండి ఇది ఇప్పుడు, కాగితం నింపాక గుర్తు చేసుకుంటున్నాను, అగ్గిపెట్టెలో కాలిన పుల్లలు పేర్చినట్టు పదకొండు, ఆరింటికి వచ్చే ఆమె వీటిని పట్టుకుని మంచం దగ్గర నిలబడితే వాడు పన్నెండోది అంటాడు.

తలుపు కిర్రుమంది, బక్కమ్మ, లోపల పిల్లల గుడ్డలు మార్చే ఆయా, సబ్బునీళ్ల బకెట్టు మెట్టు మీద పెట్టి, ఓ అనసూయమ్మా, నీ కొడుకు తాసీల్దారు లెక్క హుకుం చేస్తాండు, గిజ్జల అన్నడు, గిజ్జల అంటే ఏందమ్మా, నేను కాగితం చూశాను, లేదు, బుర్రలో వెతికాను, అక్కడా లేదు, ఏం చూసుకుంట అన్నడు బక్కవ్వా, నన్నే చూసుకుంట, నా కడియం పట్టుకొని, తీస్కో పటేలా అని గుంజి చేతిల పెట్టిన, ఇసిరికొట్టిండు, అరె ఇంకేం గావాల్నయ్యా నీకు అని మీదికి వంగిన, పెదవులు పెటపెట ఎండి ఉన్నయి, చెంచతోని నీళ్లు పోస్తే రెండు గుటకలు మింగిండు, గిజ్జల అంటే నీళ్లేనా మరి.

నాకు తెలియదు అన్నాను, అన్నాక లోపల ఎక్కడో సన్నగా గుచ్చుకుంది, నేను లేని చోట, నేను వినని మాట, ఆమెకోసం చేశాడు, నాకు చేసినట్టే, తర్వాత ఆ గుచ్చుకోవడం ఆగింది, ఎందుకంటే బుమ్మ అన్న రోజు నాకు మాత్రం ఏం తెలుసు, కట్టెలపొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి వాడి మొహం చూశాను, పెదవులు చూశాను, అప్పుడు తెలిసింది నీళ్లని, జిల్లి అన్నప్పుడూ అంతే, హాం అన్నప్పుడూ అంతే, అర్థాన్ని నేను ఒక్కసారి కూడా మాటలో వినలేదు, వంగి మొహంలో చూశాను, వాడికి కావలసింది ఎవరో ఒకరు వంగడం, వంగితే చాలు, ఆ పనికి ఏ మాటైనా సరిపోతుంది.

ఆరింటికి నా డ్యూటీ అయిపోతది బిడ్డా, ఆ చిట్టీ ఇటియ్యి, వచ్చే ఆమె చేతిలనే పెడత అన్నది బక్కమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ, జర ఆగు అన్నాను, పదకొండు మాటల మీదా గీత గీశాను, కింద కొంచెమే చోటు మిగిలింది, అందులో రాశాను.

అక్కా, పైన కొట్టేసినవి చూడకండి, మూడో మంచం మీద మా కొమురెల్లి ఉన్నాడు, ఏదో ఒకటి అంటాడు, అది మీకూ తెలియదు, నాకూ తెలియదు, దగ్గరికి పోయి వాడి మీదికి వంగి మొహం చూడండి, పెదవులు ఎండితే నీళ్లు పోయండి, ఏమీ అనకుండా పడుకుని ఉంటే మాత్రం ఇంకా తొందరగా పోయి చూడండి.